షుగర్ టెస్టులు మానేయమంటున్న ఆ మెసేజ్ గురించి

"ఒకే రక్తం రెండు ల్యాబుల్లో ఇస్తే రెండు అంకెలు వస్తాయి, మెషిన్లన్నీ మోసం, ఒంట్లో బాగుంటే టెస్టులూ మాత్రలూ మానేయండి" అనే మెసేజ్ అమలాపురం, రాజోలు వైపు నేనున్న ప్రతి గ్రూపులోకీ వచ్చింది. పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ రెండు అంకెల సంగతి. ట్యూబులోకి తీశాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ని వాడేసుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే వదిలేస్తే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. అంతర్వేదిలో పరగడుపున తీసిన రక్తం సంచిలో పడి, బండి మీద ఊరూరా ఆగుతూ మూడు గంటల తర్వాత అమలాపురం చేరిందనుకోండి, 126 ఉండాల్సింది 105 దగ్గర కనిపిస్తుంది. 126 అంటే షుగర్ ఉన్నట్టు, 105 అంటే ఇంకా అంచున ఉన్నట్టు. మెషిన్ మాత్రం తన ముందుకొచ్చినదాన్ని సరిగ్గానే కొలిచింది! అందుకే షుగర్‌కి కణాలు గ్లూకోజ్‌ని వాడేసుకోకుండా ఆపే ఫ్లోరైడ్ కలిపిన బూడిదరంగు మూత ట్యూబు వాడతారు. మెషిన్ దారి తప్పిందేమో చూడటానికి, విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ రోజూ పెట్టి చూడాలి. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి లాంటి చోట్ల నుంచి శాంపిళ్ళు తెప్పించుకుని తమ అంకెల్ని మిగతా ల్యాబులతో పోల్చుకునే పద్ధతీ ఉంది. మీ ల్యాబ్‌లో ఇవి చేస్తారో లేదో మొహమాటపడకుండా అడగండి.

ఆ మెసేజ్‌లో ఇంకోటి, రక్తం తీస్తే నీరసం వస్తుందట. తీసేది కొన్ని మిల్లీలీటర్లు, దాని గురించి ఇంకేం మాట్లాడతాం.

నాకు ఒళ్ళు మండింది "ఒంట్లో బాగుంటే" అన్న ముక్కకి. షుగర్ కిడ్నీని పాడుచేసేటప్పుడు నొప్పి ఉండదండీ. వెనకటికి మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో వేసి వేడిచేస్తే నీలం కాస్తా ఇటుకరంగుకి తిరిగేది, అప్పుడు షుగర్ అనేవారు. కానీ రక్తంలో దాదాపు 180 దాటితేగానీ మూత్రంలోకి దిగదు, కాబట్టి ఏళ్ళ తరబడి 150, 160 దగ్గర ఉన్నవాళ్ళని కూడా ఏమీ లేదని ఇంటికి పంపేసేవారు. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది, 6.5 శాతం వచ్చిందంటే షుగరే. మూత్రంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం గ్రాముకి 30 మిల్లీగ్రాముల ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నా, కిడ్నీ దెబ్బతింటోందని పట్టేస్తారు, అది కాళ్ళు వాచడానికి చాలా ముందు దశ. చూపు తగ్గకముందే కంటి లోపలి ఫొటోలో రెటీనా దెబ్బతినడం కనబడుతుంది. మనిషి బాగున్నప్పుడే పట్టుకోవడానికి ఇన్ని వచ్చాక, బాగున్నారు కాబట్టి వద్దంటారా? మాత్రలు మానేసినవాళ్ళ కిడ్నీలు పోతే ఆ మెసేజ్ రాసినాయన వచ్చి డయాలసిస్ చేయిస్తాడా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మెషిన్ కన్నా మైక్రోస్కోపులో చూసే మనిషి కన్ను నమ్మకం అని ఆ మెసేజ్‌లో ఉంది, ప్లేట్‌లెట్ల విషయంలో అది నిజమే. కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు) ట్యూబులో గుంపులుగా అతుక్కుపోతాయి, మెషిన్ వాటిని లెక్కలోకి తీసుకోదు, లక్షన్నర ఉన్నవాళ్ళకి 40 వేలని కూడా రావచ్చు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. డెంగ్యూ జ్వరాల్లో అంకె అనుమానంగా ఉంటే స్లయిడ్ మీద కూడా చూడమని అడగండి.

ఆ మెసేజ్ చూసి మాత్రలు ఆపేసినవాళ్ళు ఎవరైనా ఉంటే రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, షుగర్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్ టెస్టు కూడా రాయించుకోండి.