ప్రాజెక్ట్ వర్క్ గారికి ఒక తల్లి విన్నపం

గౌరవనీయులైన ప్రాజెక్ట్ వర్క్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ హైదరాబాద్ సైనిక్‌పురిలో మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమంగానే ఉన్నట్టు మా క్లాస్ వాట్సాప్ గ్రూపు చూస్తే తెలుస్తోంది. రాత్రి పదకొండింటికి కూడా "చార్ట్ ఏ కలరో ఎవరైనా చెప్పండి ప్లీజ్" అని ఒక నాన్న బతిమాలుతున్నాడు. పగలు ఆయన బ్యాంకులో లక్షల లోన్లు సాంక్షన్ చేస్తాడు.

జులై 26 కార్గిల్ విజయ్ దివస్ కాబట్టి పిల్లలు "యుద్ధ వీరులు" చార్ట్ స్వయంగా తయారుచేసి తేవాలని సెలవిచ్చారు. నాలుగో తరగతి పిల్ల థర్మాకోల్‌ని టైగర్ హిల్ ఆకారంలో కోయాలంటే కత్తి ఎవరు పట్టుకోవాలో తమకు తెలియంది కాదు. బ్యాండేజ్ నా వేలికి పడింది, ఏ ప్లస్ దానికొచ్చింది. ఇది మామూలే. ఇంతమాత్రానికి ఉత్తరం రాసేదాన్ని కాదు.

రాస్తున్నది మొదటి చార్ట్ గురించి. తమరు తిప్పి పంపినది.

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ తాత మాజీ హవల్దార్. ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్. 1999 కార్గిల్ యుద్ధంలో సోనామార్గ్ నుంచి జోజిలా కనుమ దాటించి ద్రాస్ దాకా లారీ తోలాడు. పైన తోలోలింగ్ కొండ మీద కూర్చున్న శత్రువులకు కింద హైవే అరచేతిలో గీతలా కనిపించేది. అందుకే కాన్వాయ్‌లు రాత్రిళ్లు, హెడ్‌లైట్లు వెయ్యకుండా కదిలేవి. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ.

మా అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని కిందికి దిగింది.

"భయం వెయ్యలేదా తాతా?"

"ఎందుకెయ్యదు బిడ్డా? పక్క సీటోడు డోరు తీసి, కిందికి వంగి, రోడ్డు అంచు చూసి చెప్పేటోడు. వాడు నోరు మూస్తే నాకు గుండె ఆగేది."

"లారీలో ఏం తీసుకెళ్లేవాళ్లు?"

"ఒకరోజు షెల్స్. ఒకరోజు కిరోసిన్. ఒకరోజు ఉల్లిగడ్డలు."

ఉల్లిగడ్డలు దానికి తెగ నచ్చాయి. చార్ట్ మధ్యలో పెద్ద లారీ, లారీ నిండా ఉల్లిగడ్డలు, చుట్టూ నల్లటి రాత్రి గీసింది. నల్ల క్రేయాన్ మొత్తం అయిపోయింది. కింద సొంత రాతతో, "సెక్యూరిటీ తాతకు భయం వేసింది. అయినా లారీ నడిపాడు" అని రాసింది. ఒక్క అక్షరం కూడా నేను ముట్టుకోలేదు. తమరు కోరిన "స్వయంగా" అంటే అదే కదా అనుకున్నాను.

తమరి ఫార్మాట్‌లో గడులున్నాయి. పేరు, పుట్టిన తేదీ, పొందిన శౌర్య పతకం, ఫొటో. పతకం గడిలో "లేదు" అని నిజాయితీగా రాసింది. ఫొటో గడిలో తాత బొమ్మ వేసింది, మీసాలతో సహా. మర్నాడు ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది: "ఫేమస్ హీరోస్ ఓన్లీ. ఫొటోస్ ఫ్రమ్ నెట్. రీడూ."

గల్లీకొక రిటైర్డ్ ఫౌజీ ఉన్న సైనిక్‌పురిలో, వీరుణ్ణి నెట్‌లో వెతకమన్నారు.

ఆదివారం లష్కర్ బోనాలు. ఉజ్జయిని మహంకాళి గుడికి తీసుకెళ్తానని పిల్లకు మాటిచ్చాను. మాట తప్పి ఏఎస్ రావు నగర్‌లో జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. షాపతను తలెత్తకుండానే, "కార్గిలా, ఫ్రీడమ్ ఫైటర్సా మేడం?" అన్నాడు. నలుగురు పరమవీర చక్ర విజేతల ఫొటోలు, బయోడేటా, మూడు రంగుల బార్డర్ కలిపి సెట్ రెడీగా పెట్టుకున్నాడు. గ్లిట్టర్ వేరే. లైన్లో ఉన్న అమ్మానాన్నలందరూ అదే సెట్ తీసుకుని వెళ్లారు. ఆ నలుగురి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. వాళ్లలో ఇద్దరు, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్, అప్పటికి మామూలు జవాన్లు. యాదవ్‌కి పందొమ్మిదేళ్లు. ఆ సంగతి సెట్‌లో లేదు. అవే కొండల్లో ప్రాణం వదిలి, మరణానంతరం మహావీర చక్ర పొందిన మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ఉన్నారా అని అడిగాను. "ఆయన సెట్‌లో లేడు మేడం, నెక్స్ట్!"

ఆ యుద్ధంలో మనవాళ్లు 527 మంది పోయారు. తమరి చార్ట్‌లో నలుగురికే చోటు.

ఆ లైన్లో నిలబడే ఇంకో మాట అనుకున్నాను. ఊరంతా ఆ రోజు బోనాలెత్తింది ఎవరి మొక్కు వల్ల? 1813లో కలరా వస్తే, సైన్యంలో డోలీలు మోసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో అమ్మవారికి మొక్కుకున్నాడని కదా చెప్పుకుంటాం. జనరల్ కాదు, కల్నల్ కాదు, డోలీ మోసేవాడు. తమరి దగ్గరికొస్తే ఆయనకూ "రీడూ"నే.

రూల్స్ సంగతి అడగొచ్చా? 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు హోంవర్క్ వారానికి రెండు గంటలు మించకూడదు. 1993లోనే యశ్‌పాల్ కమిటీ ఈ బరువు గురించి మొత్తుకుంది. తమరికి అవేమీ వర్తించవు, తమరు హోంవర్క్ కారు కదా, "యాక్టివిటీ". గ్రూపులో ఆ పాలసీ పెడితే ఒకావిడ "ఇంత ఫీజు కట్టేది హోంవర్క్ లేకుండా పంపడానికా?" అంది. ఎక్కాలు బట్టీ పట్టిస్తే చాలంటారు మా మామగారు. ఆయనే నయం, ఎక్కాలకు గ్లిట్టర్ అక్కర్లేదు.

ఇక తమరు గిమరు నా వల్ల కాదు. నీకు తెలుసా, చైనా యుద్ధంలో, 1962 నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ ఏం చేసిందో? ఆ కుమావ్ రెజిమెంట్ పేరు 1945 దాకా హైదరాబాద్ రెజిమెంటే. 120 మంది నిలబడితే 114 మంది అక్కడే పోయారు. వాళ్ల కమాండర్ మేజర్ షైతాన్ సింగ్ ఫొటో నీ సెట్లలో ఉంటుంది, ఉండాలి కూడా. నెలల తర్వాత మంచులో దొరికినప్పుడు కూడా తుపాకీ వదలని మిగతావాళ్ల పుట్టిన తేదీలు ఏ గడిలో రాయిస్తావు? ఫొటో లేకపోతే వాళ్లు యుద్ధం చెయ్యలేదా?

మొన్న గేటు దగ్గర తాత అడిగాడు: "నా లారీకి ఎన్ని మార్కులొచ్చినయి బిడ్డా?" మా అమ్మాయి నా మొహం చూసి, "టీచర్ ఇంకా దిద్దలేదు తాతా" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. తడుముకోకుండా అబద్ధం చెప్పింది. ఈ ప్రాజెక్టులో అది స్వయంగా నేర్చుకున్నది అదొక్కటే.

ఆగస్టు 15కి థర్మాకోల్‌తో ఎర్రకోట అట, సర్క్యులర్ వచ్చేసింది. నేను కొయ్యను. అది చేతనైనట్టు చేసుకొస్తుంది. కోట వంకరగా ఉంటే వంకరగానే దిద్దుకో. రీడూ అని రాస్తే, ఎర్ర ఇంకు దండగ.

ఇట్లు,
నాలుగో తరగతి రెండోసారి ఏ ప్లస్‌తో పాసవుతున్న
ఒక అమ్మ