ఎన్95 మాస్కుకి సర్వీస్ ఎక్స్‌టెన్షన్ ఇస్తే తప్పేంటండీ?

రిటైరైన పెద్దాఫీసర్లకి సలహాదారు పోస్టులిచ్చి కారూ బంగళా కూడా ఇస్తే కిక్కురుమనని జనం, 2020లో కరోనాకి మాస్కులు కరువై, పాపం ఒక్కసారి వాడి పారేసే ఎన్95 మాస్కుని మళ్లీ వాడమని నాలుగు రోజులు సర్వీసు పెంచితే ఎంత గోల చేశారో! డబ్బా మీద గుండ్రంలో 2 అంకె వేసి దానికి అడ్డంగా గీత గీసుంటుంది, రెండోసారి వాడొద్దని అర్థమట. సరే ఒప్పుకుంటాం, 2 వద్దన్నారు, కానీ 3 వద్దని గానీ 20 వద్దని గానీ ఎక్కడన్నా రాశారా చెప్పండి.

ఈ పాయింటు అందరికంటే ముందు పట్టుకుంది అమెరికా వాళ్లే. ఒహాయోలో బాటెల్ అని ఒక సంస్థ, పెద్ద కంటైనర్లలో మాస్కులు పేర్చి క్రిములు చావడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టించేది, ఒక్కో మాస్కుకి 20 సార్లు అలా చెయ్యొచ్చు అంది. 2020 మార్చి ఆఖర్లో ఎఫ్‌డీఏ (మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) పర్మిషన్ ఇస్తూ రోజుకి 10,000 మాస్కులే అని లిమిట్ పెట్టింది, ఆ రాష్ట్ర గవర్నర్ మైక్ డివైన్‌కి కోపమొచ్చి ట్రంప్‌కి ఫోన్ కొట్టారు, అంతే, ఒక్క రోజులో సైన్స్ మెత్తబడి మెషీన్‌కి రోజుకి 80,000 దాకా వెళ్లిపోయింది. ఫైళ్లు మన దగ్గరే ఇలా కదుల్తాయి అనుకునేవాళ్లు గమనించగలరు.

కానీ రూల్స్ మాత్రం కఠినం సుమా. రక్తం అంటినా, లిప్‌స్టిక్ అంటినా, పౌడర్ మరక కనిపించినా ఆ మాస్కుకి ఎక్స్‌టెన్షన్ లేదు, ఇంటికే. ఎన్నోసారి వచ్చిందో మాస్కు మీద గీతలు పెట్టాలి. ఇంక అంటురోగాల సంగతి చూసే అమెరికా సంస్థ సీడీసీ వాళ్ల లెక్క వేరు, ఒకే మాస్కు 5 సార్లు పెట్టి తీసేసరికి ముఖానికి సరిగ్గా పట్టదు, అంతకు మించొద్దు అన్నారు. అంటే వైరస్ విషయంలో 20 సార్లు, ముక్కు విషయంలో 5 సార్లు. మిగతా 15 సార్లు మాస్కు ఫుల్లు క్లీన్‌గా ఉంటుంది, పక్కనుంచి గాలి దూరుతుంది, రెండూ కావాలంటే ఎలా?

మనవాళ్లేం తక్కువ తిన్లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మనిషికి 5 మాస్కులు, 20 రోజులు, నంబర్లు వేసుకుని పేపర్ కవర్లో ఆరబెట్టుకుంటూ ఒకటి తర్వాత ఒకటి వాడమన్నారు. వైరస్ తనంతట తనే చచ్చేదాకా మాస్కుకి సెలవివ్వడమన్నమాట, మెషీన్ లేదు ఆవిరి లేదు, నిజం చెప్పాలంటే ఇదొక్కటే నాకు నచ్చిన పద్ధతి. నర్సీపట్నం ఏరియా హాస్పిటల్లో మత్తుమందిచ్చే డాక్టర్ గారు మాత్రం ఒకే మాస్కు 15 రోజులు వాడమంటున్నారని 2020 ఏప్రిల్‌లో మీడియా ముందు అనేశారు. మాస్కుకి ఎక్స్‌టెన్షన్, ఆయనకి సస్పెన్షన్.

ఇళ్లల్లో జరిగిన ప్రయోగాలైతే అబ్బో. సబ్బుతో ఉతికినవాళ్లు, శానిటైజర్ కొట్టినవాళ్లు, మైక్రోవేవ్‌లో పెట్టి ముక్కు మీదుండే లోహపు పట్టీ దగ్గర మెరుపులు చూసినవాళ్లు. అసలు సంగతేంటంటే ఎన్95 లోపలుండేది మామూలు గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ పోగులు, వాటిలో కరెంటు చార్జి నిలవుంటుంది, తల దువ్విన దువ్వెన కాయితం ముక్కల్ని లాక్కున్నట్టు అది సన్నటి కణాల్ని లాగి పట్టుకుంటుంది. 0.3 మైక్రాన్ల సైజువి కూడా కనీసం 95 శాతం ఆగేది అందుకే. ఆల్కహాల్ తగిలిందా, చార్జి పోయింది. చూడ్డానికి తెల్లగా ఇస్త్రీ చొక్కాలా ఉంటుంది, లోపల పవర్ ఉండదు (మాజీ మంత్రుల గురించి కాదండోయ్, మాస్కు గురించే).

ఆ చార్జి ఎక్కించే పద్ధతి కనిపెట్టింది టెన్నెసీ యూనివర్సిటీ పీటర్ త్సాయ్ గారు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషి, 2020లో మాస్కులు ఎలా శుద్ధి చెయ్యాలో చెప్పండి మహాప్రభో అని అందరూ వెంటపడితే మళ్లీ పనిలో దిగి, 70 డిగ్రీల వేడిలో అరగంట పెట్టండి అని లెక్క తేల్చారు. మాస్కుకే కాదు, దాన్ని తయారుచేసినాయనకీ ఎక్స్‌టెన్షనే. ఇంకా ఏం కావాలి మీకు రుజువు?

చివరికి 2021 జూన్ 30న ఎఫ్‌డీఏ ఈ పర్మిషన్లన్నీ రద్దు చేసేసింది, కొత్త మాస్కులు సరిపడా వచ్చాయి, పాతవి శుద్ధి చెయ్యక్కర్లేదు అంది. ఆవిరి అదే, కంటైనర్ అదే, నర్సు ముక్కూ అదే, మారిందల్లా గోడౌన్లో డబ్బాల లెక్క. కాబట్టి నా మనవి ఏంటంటే, వచ్చే మహమ్మారికి ఒక మాస్కు ఎన్నిసార్లు వాడితే సేఫో తేల్చడానికి నిపుణుల కమిటీ, ల్యాబు, ఆర్నెల్లు టైమూ దండగ, స్టోర్ కీపర్‌ని అడగండి, రిజిస్టర్ తిరగేసి ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు.