మా మామయ్య పొడి డబ్బా, అందులోని సగం నిజం

మొన్న కొర్లగుంటలో మా మామయ్య ఇంటికి వెళ్తే, వెంకన్న పటం కింద ఒక తెల్ల డబ్బా కనిపించింది. 4,800 రూపాయలంట. "బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రోటీన్-చక్కెర కాంప్లెక్స్, ఇమ్యూనిటీ పెంచి కేన్సర్ గడ్డల్ని కరిగిస్తుంది, పాలల్లో రెండు చెంచాలు." అమ్మింది ఆయన వాకింగ్ స్నేహితుడే.

పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ దీని వెనక నిజమైన కథ ఉంది. 1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ కేన్సర్ గడ్డలోకి బతికున్న స్ట్రెప్టోకాకస్ ఎక్కించాడు, తర్వాత చంపిన క్రిములు వాడాడు, వాటిలో సెరేషియా ఒకటి. 1943లో షియర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం ఆ సెరేషియా నుంచే ఒక చక్కెర పదార్థం వేరుచేస్తే, ఎలుకల్లో గడ్డలు లోపల రక్తం కారి చితికిపోయాయి. అదే ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా గోడలో ఉండే విషం. కాస్త ఎక్కువైతే బీపీ పడిపోయి మనిషే పోతాడు.

బ్యాక్టీరియా గోడలో చక్కెరకి అమైనో ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. అలాంటి చిన్న ముక్క ఆధారంగా ల్యాబులో తయారుచేసిన మిఫమూర్టైడ్‌కి 2009లో యూరప్‌లో అనుమతి వచ్చింది. అది కూడా ఒక రకం ఎముక కేన్సర్‌కి, ఆపరేషన్ అయ్యాక, కీమోతో పాటు, నరంలోకి. పాలల్లో కలుపుకుని తాగేది కాదు స్వామీ! తాగితే సరిపోయేటట్టయితే, పులిసిన దోసె పిండి నిండా బ్యాక్టీరియా గోడలే కదా, మన జిల్లాలో సద్దన్నం తిని పెరిగినోళ్ళెవరికీ కేన్సర్ రాకూడదు.

నా అసలు కోపం ఇంకొకటి. మామయ్యది మూత్రాశయ కేన్సర్, కండరం దాకా దిగలేదు. గడ్డ తీసేశాక బీసీజీ మొదలుపెట్టారు, వారానికొకటి, ఆరు వారాలు. "అబ్బోడా, పసిబిడ్డలకి భుజానికేసే టీకా, నాకు యాడేస్తా ఉండారో చూడు" అని మొదట్లో ఆయనే జోకులేశాడు. సన్న గొట్టంతో లోపలికి ఎక్కిస్తారు, రెండు గంటలు ఒంటేలు బిగబట్టాలి. ఇంటికొచ్చాక ఆరు గంటల పాటు, ఆయన బాత్‌రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ అత్తయ్య బ్లీచ్ పోసి పావుగంట ఆగి నీళ్ళు కొట్టేది, అందులో ఉండేది బతికున్న క్రిమి మరి. ఆ క్రిమిని చూసి తెల్ల రక్తకణాలు అక్కడికే ఎగబడతాయి, వచ్చినవి కేన్సర్ కణాల మీద కూడా పడతాయి. మంట, కాస్త జ్వరం అందుకే.

నాలుగో డోసు తర్వాత ఆ మంటకే భయపడ్డాడు. సరిగ్గా అప్పుడే మన వాకింగ్ మహానుభావుడు "అదే పని ఇదీ చేస్తుంది సార్, గొట్టం లేకుండా" అన్నాడు. అంతే, ఐదో డోసు ఎగ్గొట్టేశాడు. పైసా ఖర్చు పెట్టకుండా నాలుగు మాటలతో ఒక మనిషిని ఆస్పత్రికి వెళ్ళకుండా ఆపేశాడు, అది మాత్రం నేను మర్చిపోను.

డాక్టర్‌తో మాట్లాడా, రమ్మన్నారు. బుధవారం నేనే బండి మీద తీసుకెళ్తున్నా. డబ్బా వెనక్కి తీసుకోమని ఆ వాకింగ్ స్నేహితుడికి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు, "సీలు తీసేశారు కదా సార్."