మొదటి నిమిషానికి తర్ఫీదు

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి, నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. గ్యాస్ వాసన వస్తోందని అంతకుముందే చెప్పామని ఊరివాళ్లు అప్పట్లో మొత్తుకున్నారు. పైపు బాగోగులు చూడాల్సిన వాళ్ల తప్పును ఊరి నెత్తిన వేయలేం. కానీ రోజూ ముక్కుకు తగిలే వాసనకు మనిషి భయపడటం మానేస్తాడు. పక్కింటాయన నింపాదిగా పళ్లు తోముకుంటుంటే, మనమూ ఏం కాదులే అనుకుంటాం.

1968లో లాటనే, డార్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా కూర్చున్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరి మధ్య కూర్చోబెడితే చెప్పింది 10 శాతమే. పొగ కళ్లను మండిస్తున్నా మిగతావాళ్లు కదల్లేదు.

మన మాక్ డ్రిల్లులు ఈ సంగతిని పట్టించుకోవు. తేదీ ముందే చెబుతారు, అధికారులు వస్తారు, ఫొటోలు దిగుతారు, అయిపోతుంది. పంటు మీద గోదావరి దాటే పిల్లలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. 2018 జులైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు గల్లంతైన జిల్లా ఇది. పడవ ఒరిగితే లేచి నిలబడకూడదని, అందరూ ఒకవైపుకు పరుగెత్తకూడదని ఒంటికి అలవాటయ్యేదాకా చేయించాలి. టెన్షన్‌లో బుర్ర పనిచేయదు, చేసి చేసి అలవాటైనదే పనికొస్తుంది. సాయం అడగడమూ నేర్పాలి. "ఎవరైనా తాడు వెయ్యండి" అంటే ఎవరూ వెయ్యరు. "ఎర్రచొక్కా బాబూ, నువ్వు తాడు వెయ్యి" అంటే ఆ కుర్రాడు కదులుతాడు.

2011 సునామీలో జపాన్‌లోని కమాయిషి పిల్లలు మొదట చేరిన చోటు చాలదని తామే గ్రహించి, చిన్నవాళ్ల చేతులు పట్టుకుని ఇంకా ఎత్తుకు పరుగుతీశారు. ఆ రోజు బడుల్లో ఉన్న దాదాపు 3,000 మంది బతికారు. వాళ్లకు ముందు నుంచే అలాంటి తర్ఫీదు ఉంది.

గోదావరి మధ్య దీవులైన లంకల్లోనూ అది సాధ్యమే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి దానికే గొడ్లు గట్టెక్కాలి, రెండోదానికి ముసలివాళ్లు, పిల్లలు, బాలింతలు పడవెక్కాలి అని ప్రతి లంక ఎండాకాలంలోనే తీర్మానించుకోవాలి. వరద ఇంటి మెట్టెక్కాక ఆలోచిద్దామంటే, 1986 పెద్ద వరదలోనే ఇంత రాలేదు కదా అనే వాదనతోనే పొద్దుగూకుతుంది.

పడవ నడిపే సరంగుకు "ఇవాళ వెయ్యను" అనే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. గాలి చూసి ఆపినందుకు అతన్ని ఏ నాయకుడూ, ఏ అధికారీ నిలదీయకూడదు. 2015 గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వెనక నెట్టేవాళ్లకు ముందు ఏం జరుగుతోందో కనపడలేదు. 2027 పుష్కరాలకు ఘాట్ దగ్గర నిలబడే కానిస్టేబుల్‌కు కూడా, పైనుంచి ఫోన్ వచ్చేదాకా ఆగకుండా గేటు మూసే అధికారం ఇవ్వాలి. దానికి తగ్గ తర్ఫీదు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.