డబ్బు కట్టినవాడి సైట్ మీద మీ లింకెందుకు?

డబ్బు కట్టి వెబ్‌సైట్ తయారుచేసే టూల్ కొంటాం. నిద్ర మానుకుని సైట్ తయారు చేస్తాం. తీరా లైవ్‌లో పెట్టాక చూస్తే ప్రతి పేజీ అడుగున ‘పవర్డ్ బై’ అంటూ టూల్ అమ్మిన కంపెనీ పేరు, లింకు! పెట్టే ముందు మాటమాత్రంగానైనా అడగరు. తీసేయాలంటే ఇంకా ఖరీదైన ప్లాన్ కొనమంటారు. ఇది నాకు ఒళ్లు మండే విషయం.

ఉచితంగా ఇచ్చేవాళ్ల సంగతి వేరు. 1996లో హాట్‌మెయిల్ ఉచితంగా మెయిల్ ఇచ్చింది, బదులుగా వెళ్లే ప్రతి మెయిల్ కింద తన ప్రకటన అంటించింది. అక్కడ బేరం కళ్లముందే ఉంది, ఇష్టమైతే వాడతాం. డబ్బు తీసుకున్నాక మళ్లీ ప్రచారం కూడా మనతోనే చేయించుకోవడం ఏ లెక్కన న్యాయం?

చిన్న లింకే కదా అంటారు. కాదు. వేల సైట్ల ఫుటర్లలో, అంటే పేజీల అడుగున, ఒకేలా పరిచిన లింకులు తప్పని గూగుల్ తన స్పామ్ నియమాల్లో పేరుపెట్టి మరీ చెబుతుంది. లాభం ఆశించి లింకు పెట్టింది వాళ్లు, అది అంటుకుని ఉన్నది మన సైట్‌కి. ఈ లింకును ర్యాంకింగ్‌కి లెక్కపెట్టొద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ‘నోఫాలో’ గుర్తు కనీసం అదైనా పెట్టరు, అది 2005 నుంచీ ఉన్నదే. ఆ పేరు పక్కన వెర్షన్ నంబర్ కూడా ఉంటే మరీ ఘోరం. ఆ వెర్షన్‌లో లోపం బయటపడిన రోజున, దాన్ని వాడుతున్న సైట్లేవో సెర్చ్‌లో ఏరుకోవడం హ్యాకర్లకు చిటికెలో పని. ఇక కొన్ని ఉచిత థీములైతే (సైట్‌కి రూపాన్నిచ్చే రెడీమేడ్ డిజైన్లు) ఫుటర్ కోడ్‌ని చూస్తే అర్థంకాని అక్షరాల వరుసగా, బేస్64లోకి మార్చి దాచిపెడతాయి. ఆ లింకు తీస్తే థీమే పనిచేయదు. దాన్ని క్రెడిట్ అనరు, మెడ మీద కత్తి అంటారు.

ఇవన్నీ క్లయింటుకి సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం సైట్ కట్టినవాళ్లే. “మన సైట్లో వీళ్ల లింకేంటి?” అని అడిగితే ఏం చెప్పాలి?

పద్ధతిగా చేయడం కష్టమేం కాదు. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కి అదనపు సౌకర్యాలు జోడించే ప్లగిన్ల డైరెక్టరీలో నియమం స్పష్టంగా ఉంది: వాడేవాళ్లు ఒప్పుకుంటేనే ‘పవర్డ్ బై’ లాంటి క్రెడిట్ లింకు కనబడాలి, మొదట ఆఫ్‌లోనే ఉండాలి. గేములు తయారుచేసే టూల్ యూనిటీ కూడా 2024లో యూనిటీ 6తో, ఉచిత వెర్షన్‌లో సైతం గేమ్ మొదట్లో కనిపించే తన లోగో తెరను ఐచ్ఛికం చేసింది. ఉచితంగా ఇచ్చేవాళ్లకే సాధ్యమైనప్పుడు నెలనెలా బిల్లు పంపేవాళ్లకేం అడ్డం?

కొనే ముందే సేల్స్ వాళ్లని అడగండి: క్రెడిట్ లింకు ఉందా, నేను కొనే ప్లాన్‌లోనే ఆపొచ్చా, అప్‌డేట్ తర్వాత మళ్లీ తిరిగొస్తుందా? జవాబు రాతపూర్వకంగా ఇవ్వకపోతే కొనకండి.