అన్నం వండటం నేర్పాకే విమానం ఎక్కిద్దాం

జులై నెలాఖరు వచ్చిందంటే భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురంలో ఎన్నో ఇళ్లలో ఒకటే హడావిడి. సూట్‌కేసు కాటా మీద పెట్టడం, 23 కిలోలు దాటిందని ఆవకాయ డబ్బా తీయడం, అమ్మ మనసొప్పక దాన్నే మళ్లీ దుప్పట్ల మధ్య దూర్చడం. అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది. లోను కోసం, ఐ-20 (అక్కడి యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) కోసం, వీసా ఇంటర్వ్యూ కోసం ఏడాది పాటు తిరిగిన ఇల్లే, పిల్లాడికి కుక్కర్ పెట్టడం మాత్రం చివరి వారంలో చూపిస్తోంది. ఇది మాకు చాలా బాధగా ఉంది.

తప్పు పిల్లలది కాదు. ఎంసెట్ ర్యాంకు కోసం హైస్కూల్లోనే హాస్టల్లో వేశాం, సెలవులకి వస్తే పులస పులుసు కంచంలోకి తెచ్చిపెట్టాం తప్ప వంటింట్లోకి రానివ్వలేదు. అలాంటి కుర్రాడు అక్కడ మొదటిసారి పప్పుకి తాలింపు పెడతాడు. నూనె బాగా కాగిపోతుంది, ఎండుమిర్చి ఘాటు లేస్తుంది, పైకప్పుకున్న పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, వాడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే కింద పోపు మాడి బొగ్గవుతుంది. పొయ్యి మీది ఫ్యాన్ ముందే వేసి, మంట తగ్గించి, కిటికీ తీయాలని ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. అన్నట్టు, చికెన్, మటన్ పచ్చళ్లు పెట్టకండి, అక్కడి కస్టమ్స్ వాళ్లు మాంసం రానివ్వరు. మిగతా తినుబండారాలు ఏమున్నాయో వాళ్లకి దాచకుండా చెప్పాలి, లేకపోతే జరిమానా పడుతుంది.

ఇంటి అద్దె సంగతి ఇంకా పెద్దది. నలుగురు కలిసి లీజు మీద సంతకం పెట్టాక ఒకడు మధ్యలో వేరే ఊరు వెళ్లిపోతే, చాలా లీజుల ప్రకారం వాడి వాటా కూడా మిగతా ముగ్గురే కట్టాలి. ఇక్కడ కౌలు కాగితంలో ప్రతి సెంటూ లెక్క చూసుకునే మనం, అక్కడి కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టనివ్వడం ఏమిటి? చేరిన రోజే గోడలకి, కార్పెట్‌కి ఫోటోలు తీసుకోమనండి, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర పనికొస్తాయి.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మనం ఫోన్లో అడిగే ప్రశ్న. దిగి నెల తిరక్కముందే "పార్ట్‌టైమ్ దొరికిందా?" అంటాం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాడు చదువు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకి మించకుండా, అదీ క్యాంపస్‌లోనే చేయాలి, ఆ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులోనో స్టోర్‌లోనో చేతికి డబ్బులు తీసుకుని పనిచేస్తే వీసా హోదాయే పోవచ్చు. మనం పొలం తాకట్టు పెట్టి కట్టిన ఫీజు మొత్తం ఆ నాలుగు డాలర్ల కోసం నీళ్లపాలవుతుంది. లోను వాయిదా టెన్షన్ మాకూ తెలుసు. కానీ మొదటి ఏడాది ఖర్చు పూర్తిగా చేతిలో ఉంటేనే పంపండి, వాడి పార్ట్‌టైమ్ జీతాన్ని లెక్కలో కలపకండి.

డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. గట్టు మీద నిలబడితే పది మంది పలకరించే ఊరి నుంచి వెళ్లిన పిల్లకి ఆ చీకట్లో దిగులు పుట్టడం సహజం. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలర్లు ఉంటారు, వాళ్ల దగ్గరికి వెళ్తే ఎవరో ఏదో అనుకుంటారని పిల్లలు ఆగిపోతారు. వెళ్లమ్మా అని ఇంటి నుంచే చెప్పాలి. చలికాలంలో అక్కడికీ మనకీ పదకొండున్నర గంటల తేడా, మన రాత్రి తొమ్మిదంటే వాళ్లకి ఉదయం తొమ్మిదిన్నర. క్లాసుకి పరిగెత్తే ఆ టైములో కాకుండా, ఆదివారం పొద్దున్నే మనం కాఫీ పెట్టుకుని ఫోన్ చేస్తే అక్కడ శనివారం సాయంత్రం, వాళ్లూ వండుకుంటూ ఉంటారు. కూరలో ఉప్పు ఎంత వేశావని అడగండి, పార్ట్‌టైమ్ సంగతి వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా ఎత్తకండి.