రాతపెట్టె గారికి ఒక మనవి

మహారాజశ్రీ జపాను సుజురిబాకో గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరి ఉద్యోగం ఏమిటయ్యా అంటే సిరా నూరే రాయి, సిరా కడ్డీ, కుంచెలు, నీళ్ళచుక్కలు వేసే బుల్లి పాత్ర దాచిపెట్టడం. ఇంతోటి దానికి తమరు చేయించుకునే సేవలు చూస్తే మతి పోతోంది.

ఒంటికి పూసేది లక్క కాదు, ఉరుషి చెట్టు పాలు. పదేళ్ళకు పైగా పెంచిన చెట్టుకు సీజనంతా గాట్లు పెడితే దక్కేది సుమారు 200 గ్రాములు. ఆపైన చెట్టును నరికేస్తారు. ఆ పాలు మన జీడిసొనకు చుట్టమే, మనుషుల ఒంటికి తగిలితే దద్దుర్లు. పోనీ పూత పూశాక అందరిలా ఎండలో ఆరతారా? అబ్బే! వెచ్చగా, చెమ్మగా ఉండే అలమరలో కూర్చోబెడితేనే గట్టిపడతారు. గట్టిపడ్డాక సానపట్టాలి, మళ్ళీ పూయాలి, మళ్ళీ అలమర. అప్పుడు మకియె మొదలు. తడి ఉరుషితో బొమ్మ గీసి, అది ఆరేలోగా సన్నటి గొట్టంలో బంగారు పొడి పోసి, వేలితో తట్టి తట్టి రాల్చాలి. ఆ సమయంలో పనివాడికి తుమ్ము వస్తే ఎవరిది పూచీ?

‘పైన పటారం, లోన లొటారం’ అని ఎత్తిపొడుద్దామంటే ఆ ముచ్చటా తీరనివ్వరు. మూత లోపల కూడా బొమ్మలే!

టోక్యో నేషనల్ మ్యూజియంలో హోనామి కోఎత్సు అనే కళాకారుడి పెట్టె ఉంది కదా, తమరి వంశోద్ధారకుడు. మూత బానపొట్టలా ఉబ్బి ఉంటుంది. బంగారు నీళ్ళలో పడవలు, వాటికి అడ్డంగా నల్లటి సీసపు రేకు వంతెన, మీద వెండి అక్షరాల్లో పాత పద్యం. ఆ పద్యంలో ‘పడవల వంతెన’ అన్న మాట ఒక్కటే రాయలేదు. బొమ్మ ఉందిగా, చూసి పూరించుకోండి అని! రాతపెట్టె మీదే రాత ఎగ్గొట్టడం ఎక్కడైనా ఉందా?

ఇక 1639 సంగతి. జపాను సైనిక పాలకుడు, అంటే షోగున్, ఇయెమిత్సు కూతురు చియొహిమె పెళ్ళికి మకియె పనివాడు కోఆమి నగషిగె చేసిన సారెలో తమరూ వెళ్ళారు. పెళ్ళికూతురికి మూడేళ్ళైనా నిండలేదు. అక్షరాభ్యాసానికి ముందే బంగారు రాతపెట్టె!

జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. తమరి రాతి మీద సిరా నూరడానికి మ్యూజియం వాళ్ళు ఒప్పుకోరు.

ఇట్లు,
జేబులో బాల్‌పెన్ను కారిన విధేయుడు